డ్రాయింగు పీరియడులో హక్కుల పాఠం

(రాయదుర్గంలో మహిళా కార్యకర్తలు, స్వచ్ఛంద సంస్థలలో పనిచేసే మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల కోసం పనిచేసే మనలాంటివాళ్ళ సమావేశంలో డ్రాయింగు క్లాసు గురించి మాట్లాడటమేమిటని కొందరికి అనిపించవచ్చు. కట్నం చావులు, బాల్యవివాహాలు, పనిచోట వేధింపులు, ఇళ్ళల్లో హింస - ఇన్ని సమస్యలుండగా పిల్లల బొమ్మలు మనకెందుకు? ఈ ప్రశ్న న్యాయమైనదే. అందుకే జవాబు ముందే చెప్పేస్తాను. ఈ సమస్యల వేళ్ళన్నీ 'మేము వేరు, వాళ్ళు వేరు. మేము ఎక్కువ, వాళ్ళు తక్కువ' అనే భావంలోకి దిగి ఉన్నాయి. ఆ భావం హైస్కూలు వయసులోనే గట్టిపడుతుంది. ఎనిమిదో తరగతి దాకా ఒకే బెంచీ మీద కూర్చున్న పిల్లలు తొమ్మిదికి వచ్చేసరికి ఎవరితో కలిసి తినాలో, ఎవరింటికి వెళ్ళకూడదో, ఎవరితో మాట్లాడితే ఇంట్లో దెబ్బలు పడతాయో నేర్చేసుకుంటారు. మనం వాళ్ళను ఇరవై ఏళ్ళకు కలిసి చైతన్యం కలిగించాలని చూస్తాం. అప్పటికి చాలా ఆలస్యమైపోతుంది.

హైస్కూలుకు మనం వెళ్ళమా అంటే, వెళ్తాం. ఎలా వెళ్తాం? ఒక చార్టు పట్టుకుని వెళ్తాం. పద్నాలుగో అధికరణం సమానత్వం, పదిహేనో అధికరణం వివక్ష నిషేధం, పదిహేడో అధికరణం అంటరానితనం రద్దు అని చెబుతాం. పిల్లలు రాసుకుంటారు. చివర్లో 'మీ బడిలో కులం, మతం, ఆడ, మగ అనే తేడాలున్నాయా?' అని అడుగుతాం. 'లేవు మేడమ్, మేమందరం ఒకటే' అని ముక్తకంఠంతో చెబుతారు. మనం సంతోషించి వచ్చేస్తాం. కొన్నేళ్ళు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో డ్రాయింగు చెప్పి, ఆ తర్వాత బస్తీల్లో పిల్లలతో బొమ్మల వర్క్‌షాపులు నడుపుతున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను. 'మేమందరం ఒకటే' అన్నది పిల్లలు అబద్ధమాడటం కాదు. పెద్దలు ఏ జవాబు వినాలనుకుంటారో వాళ్ళకు తెలుసు. తేడాల గురించి మాట్లాడటానికి వాళ్ళ దగ్గర మాటలు లేవు, ఉన్న మాటలన్నీ తిట్లే. మాటలు లేనిచోట బొమ్మ పనికొస్తుంది. నా అనుభవమంతా ఈ ఒక్క వాక్యంలో ఉంది.

మనం కూర్చున్న ఈ చోటునే చూడండి. గోల్కొండ కోటకు తాగునీళ్ళిచ్చిన దుర్గం చెరువు పక్క ఊరు రాయదుర్గం. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. 2019 నవంబరులో మెట్రో రైలు రాయదుర్గం దాకా వచ్చింది. 2020లో చెరువు మీద తీగల వంతెన వేశారు. ఇరవై ఏళ్ళలో రాళ్ళగుట్టలు అద్దాల మేడలయ్యాయి. ఆ అద్దాల మేడల చుట్టూ ఉన్న సర్కారు బడుల్లో ఎవరి పిల్లలు కూర్చుంటారు? ఒకప్పుడు ఇక్కడ భూములున్న కుటుంబాల పిల్లలు కొందరు. పాలమూరు నుంచి, ఉత్తరాంధ్ర నుంచి మట్టిపనికీ, మేస్త్రీపనికీ వచ్చినవాళ్ళ పిల్లలు. ఒడిశా, బీహారు నుంచి వచ్చిన కూలీల పిల్లలు. అపార్ట్‌మెంటు వాచ్‌మన్ పిల్లలు, ఇళ్ళల్లో పనిచేసే అమ్మల పిల్లలు, కంపెనీల్లో హౌస్‌కీపింగు చేసే అమ్మల పిల్లలు. ఉర్దూ ఇంటి భాషగా ఉన్న పిల్లలు. ఇంతమంది ఒక గదిలో ఉంటారు. బయట నుంచి చూసేవాళ్ళకు వాళ్ళంతా 'పేదపిల్లలు' అనే ఒకే ముద్ద. లోపల మాత్రం సొంతిల్లు ఉన్నవాళ్ళు గుడిసెలో ఉన్నవాళ్ళను, గుడిసెలో ఉన్నవాళ్ళు కట్టే బిల్డింగు కింద రేకుల షెడ్డులో ఉన్నవాళ్ళను చిన్నచూపు చూస్తారు. తెలుగు సరిగా రానివాడు అందరికీ లోకువ. వీళ్ళందరిలోనూ ఆడపిల్ల ఇంకో మెట్టు కింద.

2022-23 విద్యా సంవత్సరం నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం మొదలైంది. మంచిదా చెడ్డదా అన్న చర్చ ఇక్కడ పెట్టను. ఒక సంగతి మాత్రం చెబుతాను. ఇప్పుడు ఒక్కో పిల్ల ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష, పుస్తకంలో ఒక భాష మోస్తోంది. ఇలాంటి గదిలో ఏ భాషలో నోరు తెరిచినా ఎవరో ఒకరు నవ్వుతారు. అందరూ భయం లేకుండా కలిసి చేయగలిగే పనుల్లో బొమ్మ గీయడం ఒకటి.

అయితే ఏ బొమ్మయినా ఈ పని చేయదు. మన బళ్ళలో బొమ్మ అంటే పోటీ. ఆగస్టు పదిహేనుకు జెండా, పర్యావరణ దినానికి చెట్టు. ఎవరికి వారు చేయి అడ్డం పెట్టుకుని గీయడం, ముగ్గురికి బహుమతి, మిగిలినవాళ్ళకు 'నాకు బొమ్మలు రావు' అనే జీవితకాలపు నమ్మకం. నేను చెబుతున్నది కలిసి గీసే బొమ్మ. నాలుగు పద్ధతులు వివరిస్తాను. మీలో ఎవరైనా రేపే మొదలుపెట్టవచ్చు. డ్రాయింగు రావాల్సిన పని లేదు.

మొదటిది ఒకే కాగితం పద్ధతి. నలుగురైదుగురికి ఒక పెద్ద చార్టు, ఒక రంగుల డబ్బా, ఒకే ఒక నల్ల స్కెచ్‌పెన్ను. 'మన వీధి గీయండి' అంటాం. అంతకుమించి ఏమీ చెప్పం, చూస్తూ కూర్చుంటాం. పది నిమిషాల్లో సమాజం మొత్తం ఆ కాగితం మీదికి వచ్చేస్తుంది. కాగితం మధ్య భాగం ఎవరు ఆక్రమించారు? నల్ల పెన్ను ఎవరి చేతిలో ఉంది? మగపిల్లలు గీతలు గీస్తారు, ఆడపిల్లలను రంగులు నింపమంటారు. తెలుగు రాని పిల్లవాడికి పెన్సిళ్ళు చెక్కే పని దొరుకుతుంది. ఎవరూ ఎవరినీ ఏమీ అనరు, అన్నీ వాటంతటవే జరిగిపోతాయి. అప్పుడు ఆ కాగితాన్ని గోడకు అంటించి మూడే ప్రశ్నలు అడగాలి. ఎవరెవరు ఏ భాగం గీశారు? ఎవరికి పెన్ను దొరకలేదు? ఎవరు గీసింది ఎవరు చెరిపారు? నిందించకూడదు, నీతి చెప్పకూడదు. జవాబులు వాళ్ళే చెబుతారు. మరుసటి వారం ఇదే పని రెండు నియమాలతో చేయించాలి. ఐదు నిమిషాలకొకసారి కాగితం తిప్పాలి. ఎదుటివాళ్ళ గీతను అడగకుండా చెరపకూడదు. రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూపిస్తే, నియమం వల్ల ఏం మారుతుందో పిల్లలకు అర్థమవుతుంది. రిజర్వేషన్లు ఎందుకు, చట్టాలు ఎందుకు అనే చర్చ ఇక్కణ్ణుంచి మొదలుపెడితే తొమ్మిదో తరగతి పిల్లలకు కూడా తేలిగ్గా అందుతుంది. చూపు సరిగా లేని పిల్ల గుంపులో ఉంటే గీతల మీద జిగురు పెట్టి జనపతాడు అంటించమనాలి. వేళ్ళతో తడిమి ఆ పిల్ల కూడా బొమ్మలో తన వంతు అందుకుంటుంది.

రెండోది దారి పటం. ఇంటి నుంచి బడి దాకా దారి గీయమంటాం. ఆడపిల్లలు ఒక జట్టుగా, మగపిల్లలు ఒక జట్టుగా గీస్తారు. మగపిల్లల పటంలో ఆటస్థలం, టీకొట్టు, చెరువుగట్టు, సెల్‌ఫోన్ల దుకాణం ఉంటాయి. ఆడపిల్లల పటంలో దారి గీత సన్నగా, తిన్నగా ఉంటుంది. ఎక్కడా ఆగదు. ఆగని చోట్లకు మాత్రం గుర్తులుంటాయి: మందు దుకాణం, లైటు లేని సందు, కుర్రాళ్ళు బండ్ల మీద కూర్చునే మూల. ఒక బస్తీ పిల్లల పటంలో ఇల్లు దారికంటే పెద్దదిగా వచ్చింది. అదేమిటంటే 'ఇంట్లోనే ఎక్కువసేపు ఉంటాం కదా మేడమ్, నీళ్ళు పట్టాలి, తమ్ముణ్ణి చూడాలి' అన్నారు. ఆ మాట విని మగపిల్లలు నవ్వలేదు. తమ పటంలో ఇంటిని అగ్గిపెట్టెంత గీసినట్టు వాళ్ళకు అప్పుడే కనిపించింది. స్త్రీల శ్రమ, స్త్రీల సంచారం మీద మనం గంటసేపు మాట్లాడే విషయం ఆ రెండు కాగితాల మధ్య తేడాలో ఉంది. పైగా ఈ పటం బడిలోనే ఆగిపోనక్కర్లేదు. బస్తీ మహిళా సంఘం దీన్ని పట్టుకుని లైటు కోసం మునిసిపల్ ఆఫీసుకు వెళ్ళవచ్చు. పిల్లలు గీసిన కాగితాన్ని దరఖాస్తుగా తీసుకెళ్ళవచ్చు.

మూడోది ఎత్తు పాఠం. దీన్ని నేను మన స్త్రీల దగ్గరే నేర్చుకున్నాను. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలలోని దళిత స్త్రీలు 1990లలో వీడియో కెమెరా పట్టుకున్నారు. చదువు లేని వ్యవసాయ కూలీలు సినిమా తీసేవాళ్ళయ్యారు. కెమెరా కోణాలకు వాళ్ళు సొంత పేర్లు పెట్టుకున్నారు. పై నుంచి కిందికి చూసేది పటేల్ షాట్, ఎందుకంటే పటేలు అరుగు మీద నుంచి కూలీని చూసే చూపు అది. కంటికి కన్ను సమానంగా ఉండేది సంఘం షాట్, ఎందుకంటే సంఘంలో అందరూ నేల మీద ఒకే ఎత్తులో కూర్చుంటారు. సినిమా కళాశాలల్లో చెప్పే పాఠం కంటే ఇది గొప్ప పాఠమని నా అభిప్రాయం. చూడటంలోనే ఆధిపత్యం ఉందని వాళ్ళు రెండు మాటల్లో తేల్చేశారు. పిల్లలతో ఏం చేస్తామంటే, ఒకే దృశ్యాన్ని మూడు ఎత్తుల నుంచి గీయిస్తాం. ఒక అపార్ట్‌మెంటు గేటు అనుకోండి. పదో అంతస్తు బాల్కనీ నుంచి చూస్తే వాచ్‌మన్ ఒక చుక్క. గేటు దగ్గర గుడ్డ పరుచుకుని కూర్చున్న ఆయన కూతురు చూస్తే కార్ల చక్రాలే కనిపిస్తాయి. ఎదురుగా నిలబడి చూస్తే ఒక మనిషి, ఆయన ముఖం. ముగ్గురు ముగ్గురు కలిసి మూడు ఎత్తులనూ ఒకే కాగితం మీద పెట్టాలి. ఏ ఎత్తు ఎవరు గీయాలన్నది చీటీ వేసి తేల్చాలి. ఎప్పుడూ కింద నుంచి చూసే పిల్లకు పైనుంచి చూసే అవకాశం, ఎప్పుడూ పైనుంచి చూసేవాడికి కింద కూర్చునే అవసరం రావాలి.

నాలుగోది పటం చుట్ట. సిద్దిపేట జిల్లా చేర్యాల నకాషీ చిత్రకారులు మీకు తెలుసు. బట్టకు చింతగింజల అంబలి, సుద్దమన్ను, జిగురు పట్టించి, ఎర్రటి నేపథ్యం మీద గళ్ళు గళ్ళుగా కథ గీస్తారు. వాటిని ఇప్పుడు మనం ఇళ్ళల్లో అలంకారానికి కొంటున్నాం. అసలు అవి ఎవరి కథలు? కూనపులివాళ్ళు పద్మశాలీలకు, కాకిపడగలవాళ్ళు ముదిరాజులకు, గౌడజెట్టివాళ్ళు గౌండ్లవాళ్ళకు, డక్కలివాళ్ళు మాదిగలకు వాళ్ళ వాళ్ళ కులపురాణాన్ని ఆ పటం విప్పి, చూపిస్తూ చెప్పేవారు. అంటే బడులు లేని కాలంలో కూడా చేతివృత్తుల కులాలు తమ పుట్టుక కథను గొప్పగా, రంగుల్లో, తామే నాయకులుగా చెప్పించుకున్నాయి. మన చరిత్ర పుస్తకాల్లో లేని ఆత్మగౌరవం ఆ బట్టల్లో ఉంది. అదే సమయంలో ఒక మాట దాచకూడదు. ప్రతి కులానికీ వేరే పటం, వేరే కథకులు. అందరూ కలిసి ఉన్న పటం మాత్రం లేదు. కాబట్టి పిల్లలతో ఆ పద్ధతి తీసుకుని, లోటును పూడ్చే పని చేయిస్తాం. పాత చీర గానీ, సిమెంటు సంచుల కాగితం గానీ పొడుగ్గా అతికించి, ఒక్కొక్క గడి ఇద్దరు పిల్లలకు ఇస్తాం. ఆ ఇద్దరూ వేరువేరు చోట్ల నుంచి వచ్చినవాళ్ళై ఉండాలి. ఈ పిల్ల ఇంటివాళ్ళు ఈ ఊరికి ఎలా వచ్చారో ఆ పిల్ల గీయాలి, ఆ పిల్ల కథ ఈ పిల్ల గీయాలి. ఇతరుల కథ గీయాలంటే ముందు వినాలి. మళ్ళీ మళ్ళీ అడగాలి. 'మీ నాయన బస్సులో వచ్చిండా, లారీలో వచ్చిండా? లారీలో ఎక్కడ కూర్చున్నరు?' అని ఒక పిల్ల ఇంకో పిల్లను అడుగుతుంటే అంతకంటే పెద్ద సాంఘికశాస్త్రం ఏముంటుంది?

ఇవన్నీ ఎక్కడినుంచో ఊడిపడ్డవి కావు. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1991-92లో అక్షరాస్యత వాచకంలోని 'సీతమ్మ కథ' చదివిన స్త్రీలు అది తమ కథేనని గుర్తుపట్టి సారా దుకాణాల మీదికి కదిలారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. తమ బతుకు తమకే ఒక పాఠంగా కనిపించినప్పుడు మనుషులు లేచి నిలబడతారని మనకు తెలిసిందే. చిలీ దేశంలో 1973లో సైనిక నియంతృత్వం వచ్చాక, కనిపించకుండా పోయిన కొడుకుల, భర్తల కథలను స్త్రీలు గోనెపట్ట మీద గుడ్డపీలికలతో కుట్టారు. గుంపుగా కూర్చుని కుట్టారు. అవి దేశం దాటి వెళ్ళి సాక్ష్యాలయ్యాయి. మన అమ్మమ్మలు పాతచీరలతో బొంత కుట్టిన చేతులే అవి. తల్లుల మీటింగులో ఈ పద్ధతి బాగా పనికొస్తుంది. కాగితం, పెన్సిలు చూసి బెదిరే తల్లి సూది, దారం చూస్తే ధైర్యంగా కూర్చుంటుంది.

పాఠ్యపుస్తకాల బొమ్మల మీద కూడా పిల్లలతో పని చేయించాలి. పుస్తకం తెరిచి, ఇందులో ఎవరి ఇల్లుంది, ఎవరి వంట ఉంది, ఎవరి దేవుడున్నాడు, ఎవరు లేరు అని లెక్క పెట్టమనాలి. అన్వేషి సంస్థ ఈ ప్రశ్న వేసుకునే 2008లో 'డిఫరెంట్ టేల్స్' పేరుతో ఎనిమిది పిల్లల పుస్తకాలు తెచ్చింది. మహమ్మద్ ఖదీర్‌బాబు, జూపాక సుభద్ర, గోగు శ్యామల, గోపిని కరుణాకర్ వంటి రచయితల కథలు అందులో ఉన్నాయి. దళిత పిల్లలు, ముస్లిం పిల్లలు వాటిలో జాలి కోసం నిలబెట్టిన బొమ్మలు కారు. తెలివైనవాళ్ళు, అల్లరివాళ్ళు, కథ నడిపేవాళ్ళు. అంతకు ముందు ఏడాది, 2007లో, కంచ ఐలయ్య శ్రమగౌరవం మీద పిల్లల కోసం రాసిన పుస్తకానికి గోండు చిత్రకారిణి దుర్గాబాయి వ్యామ్ బొమ్మలు వేశారు. కుండ చేసే చేయి, చెప్పు కుట్టే చేయి, బట్టలుతికే చేయి ఆ బొమ్మల్లో విజ్ఞానం ఉన్న చేతులుగా కనిపిస్తాయి. ఈ పుస్తకాలను బడి గ్రంథాలయాలకు కొనిపించడం మన సంస్థలు చేయగల పని.

ఇప్పుడు జాగ్రత్తల సంగతి. ఇది నిప్పుతో పని. సరిగా పట్టుకోకపోతే పిల్లలనే కాలుస్తుంది.

1968లో అమెరికాలో మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన మరునాడు అయోవా రాష్ట్రం రైస్‌విల్‌లో జేన్ ఎలియట్ అనే టీచరు మూడో తరగతి పిల్లలను కళ్ళ రంగును బట్టి విడదీసి, ఒకరోజు నీలికళ్ళవాళ్ళు తక్కువ, మరోరోజు గోధుమకళ్ళవాళ్ళు తక్కువ అని నడిపించింది. వివక్ష ఎలా ఉంటుందో రుచి చూపించడానికి. ఆ పాఠం లోకప్రసిద్ధమైంది, విమర్శలూ వచ్చాయి. మన దగ్గర ఇలాంటివి చేయకూడదని నా గట్టి అభిప్రాయం. మన తరగతిలో కొందరు పిల్లలకు వివక్ష రుచి కొత్తగా చూపించాల్సిన పని లేదు. రోజూ తింటున్నదే. వాళ్ళ నొప్పి ఇంకొకరికి పాఠం కాకూడదు. అందుకే తరగతిలో ఎప్పుడూ 'నీ కులమేమిటి' అని అడగకూడదు. 'మీ అమ్మానాన్నల పని గీయండి' అని అందరిచేతా బలవంతంగా గీయించకూడదు. చెప్పే హక్కుతో పాటు చెప్పకుండా ఉండే హక్కు కూడా పిల్లలదే. తన తల్లి చీపురు పట్టుకుంటుందని ఒక పిల్ల చెప్పదలచుకోకపోతే, సిగ్గుపడుతోందని మనం తీర్పు చెప్పనక్కర్లేదు. సిగ్గుపడాల్సింది ఆ పిల్ల కాదు, ఆ చీపురును చూసి నవ్వే తరగతి. ముందు ఆ నవ్వును మార్చాలి. చీపురు దానంతటదే బొమ్మలోకి వస్తుంది.

రెండో జాగ్రత్త చట్టానికి సంబంధించింది. బొమ్మల్లో కొన్నిసార్లు మనం ఊహించని సంగతులు బయటపడతాయి. ఒక పిల్ల తన మీద జరుగుతున్న లైంగిక హింసను గీయవచ్చు, లేదా గీస్తూ గీస్తూ చెప్పవచ్చు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్ళు పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. 'అన్నీ మన మధ్యే ఉంటాయి' అని పిల్లలకు ముందే మాటిచ్చేస్తే తర్వాత ఆ మాట నిలబెట్టుకోలేం. కాబట్టి అలాంటి మాట ఇవ్వకూడదు. ఎవరి దగ్గరికి వెళ్ళాలో, 1098కి ఎలా ఫోను చేయాలో, ఆ పిల్లకు తోడుగా ఎవరుంటారో మొదటి క్లాసుకు ముందే అనుకుని ఉండాలి.

మూడోది, బొమ్మ ఎవరిది? పిల్లలది. ఫోటో తీసి మన నివేదికలోనో, నిధులిచ్చేవాళ్ళ క్యాలెండరులోనో అచ్చువేసే ముందు అడగాలి. వద్దంటే వద్దు.

ఈ సందర్భంలో ఒక గోడ సంగతి చెప్పాలి. ఒక బడిలో పిల్లలు రెండు నెలలు పనిచేసి ప్రహరీగోడ మీద పెద్ద బొమ్మ వేశారు. 'మన ఊరిని కట్టేవాళ్ళు' అని పేరు పెట్టుకున్నారు. అందులో క్రేను కింద ఇటుకలు మోసే స్త్రీ, మ్యాన్‌హోలు దగ్గర వంగిన మనిషి, తెల్లవారుజామున బస్సు కోసం నిలబడ్డ హౌస్‌కీపింగు అక్కలు, బురఖాతో పాఠం చెప్పే టీచరమ్మ ఉన్నారు. తనిఖీకి అధికారులు వస్తున్నారని, మ్యాన్‌హోలు బొమ్మ బాగుండదని, దాని మీద సున్నం వేసి నెమలిని వేయమని బడి పెద్దలు చెప్పారు. అప్పుడు తరగతి రెండుగా చీలింది. నెమలి వేసేద్దాం, గొడవెందుకు అని కొందరు. వేయొద్దని కొందరు. ఆ మ్యాన్‌హోలు మనిషి ఎవరి తండ్రో తరగతిలో అందరికీ తెలుసు, ఎవరూ పేరెత్తలేదు. ఆ పిల్లవాడు మూడు రోజులు బడికి రాలేదు. నాలుగోరోజు ఆడపిల్లలు ఒక ఉపాయం చెప్పారు. నెమలి వేద్దాం, కానీ ఆ మనిషి మీద కాదు, పక్కన. బడి పెద్దలతో మాట్లాడటానికి నలుగురు వెళ్ళారు, ఆ నలుగురిలో తండ్రికి సొంతిల్లున్న అమ్మాయి ఒకతె ఉంది. 'ఆయన బొమ్మ తీసేస్తే మా బొమ్మలు కూడా తీసేయండి సార్' అని ఆ అమ్మాయి చెప్పింది. బొమ్మ నిలిచింది. నెమలి కూడా ఉంది, కొంచెం ఇరుకుగా. దీన్ని విజయగాథగా చెప్పడం లేదు. పారిశుధ్య కార్మికులను రక్షణ పరికరాలు లేకుండా మ్యాన్‌హోళ్ళలోకి దింపకూడదని 2013లోనే చట్టం వచ్చింది. గోడ మీద ఆయన నిలిచినంత మాత్రాన చట్టం అమలు కాదు. కానీ ఎవరి తరఫున ఎవరు నిలబడాలో ఆ అమ్మాయి నేర్చుకుంది. అవమానం జరిగినవాళ్ళే ఎప్పుడూ లేచి మాట్లాడాలనడం ఇంకో అన్యాయం కదా.

ఇక శనివారాల రంగుల డబ్బాల గురించి. 2013 కంపెనీల చట్టం వచ్చాక పెద్ద కంపెనీలు లాభాల్లో రెండు శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు పెట్టాలి. ఈ ప్రాంతంలో కంపెనీలకు కొదవ లేదు. ఉద్యోగులు శనివారం బస్సులో వస్తారు, ఒకే రంగు టీషర్టులు వేసుకుంటారు, బడి గోడలకు కార్టూను బొమ్మలు వేస్తారు, పిల్లలతో ఫోటో దిగి వెళ్తారు. వాళ్ళ మంచితనాన్ని నేను శంకించను. కానీ కుంచె ఎవరి చేతిలో ఉంది? గోడ ఎవరిది? అది కూడా పటేల్ షాటే, కాకపోతే నవ్వుతూ తీసిన షాట్. వాళ్ళు వస్తే రానివ్వండి, కానీ షరతు పెట్టండి. పిల్లలు గీస్తారు, మీరు రంగులు కలపండి. పిల్లలు మిమ్మల్ని గీస్తారు, మీరు కూర్చోండి. మీ ఆఫీసులో రాత్రి నేల తుడిచే అక్క పేరేమిటో తెలుసుకుని రండి, ఆమె కూతురు ఈ తరగతిలో ఉండవచ్చు. ఇలా మొదలైతే కంపెనీ పిల్లలు చదివే పెద్ద బడులకూ, ఈ బడికీ మధ్య నిజంగా ఒక కాగితం పంచుకునే రోజు రావచ్చు. ఒక షరతు మీద మాత్రమే: ఇటు నుంచి అటు ఎన్నిసార్లు వెళ్తే, అటు నుంచి ఇటు అన్నిసార్లు రావాలి.

చివరగా, మనం అడగాల్సినవి. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం తయారైనప్పుడు కళావిద్య పదో తరగతి దాకా తప్పనిసరి కావాలని నిపుణులు చెప్పారు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి మించి పిల్లలున్న బడికి కళావిద్య చెప్పే పార్ట్‌టైం బోధకులు ఉండాలని రాసి ఉంది. మీ పక్కనున్న బడికి వెళ్ళి ఆ బోధకులు ఉన్నారా అని అడగండి. లేకపోతే లిఖితపూర్వకంగా అడగండి. టైంటేబులులో డ్రాయింగు పీరియడు ఉండి, అందులో లెక్కలు చెబుతుంటే అది కూడా అడగండి. ఆ చట్టం పద్నాలుగేళ్ళతో ఆగిపోతుంది. సరిగ్గా ఆడపిల్లకు పెళ్ళి సంబంధాలు మొదలయ్యే వయసులో, తేడాలు గట్టిపడే వయసులో చేయి వదిలేస్తుంది. తొమ్మిది, పది తరగతులకు కూడా హక్కు విస్తరించాలన్న కోరికలో బొమ్మల పీరియడును కూడా కలపండి. మీరు నడిపే కిశోర బాలికల కేంద్రాల్లో నెలకు రెండుసార్లు కలిసి గీసే పని పెట్టండి. ఖర్చంటారా, చార్టులు, రంగులు, పాత చీరలు. అంతే.

2016 జనవరి 17న, ఇక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉన్న హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల అనే పరిశోధక విద్యార్థి ప్రాణం తీసుకున్నప్పుడు మనమంతా రోడ్డు మీదికి వచ్చాం. రావాల్సిందే. అయితే విశ్వవిద్యాలయానికి వచ్చేవాళ్ళంతా ఒకప్పుడు ఏదో ఒక హైస్కూలు బెంచీ మీద కూర్చున్నవాళ్ళే. తోటి మనిషిని ఏ ఎత్తు నుంచి చూడాలో ఆ బెంచీ మీదే నేర్చుకున్నారు. సమానత్వం అంటే తేడాలు లేవని బుకాయించడం కాదు. తేడాలను ఒకే కాగితం మీద, ఒకరి గీతను ఒకరు చెరపకుండా, పక్కపక్కన ఉంచగలగడం. ఆ నేర్పు ప్రసంగాలతో రాదు, నా ప్రసంగంతో కూడా రాదు. అందుకే ఇక మాటలు ఆపుతాను. బల్లల మీద చార్టులు పెట్టాం. నలుగురు నలుగురుగా కూర్చోండి. కార్యకర్తలు ఒక జట్టు, సంస్థల డైరెక్టర్లు ఒక జట్టు కాకుండా కలిసి కూర్చోండి. నల్ల పెన్ను మాత్రం జట్టుకొక్కటే ఇస్తాం.